మైకేల్ వెస్టు: వంగదేశమున ఆంగ్లపఠనబోధ

మన దేశమున ఉన్నత పాఠశాల పరీక్షకు కూర్చున్న విద్యార్థికి ఇంగ్లీషు ప్రశ్నపత్రములో తరచుగా మొదట ఎదురగునది తానెన్నడును చూడని ఒక గద్యభాగము. దానిని నియమిత కాలములో మౌనముగా చదువుకొని, క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను. ఈ ఒక్క భాగమునకై విద్యార్థులు నెలల తరబడి గడియారము ముందుంచుకొని అభ్యాసము చేయుదురు. ఇది అనాదిగా ఉన్న ఆచారమువలె మనకు తోచును. కాని నూరు సంవత్సరముల క్రిందట ఈ దేశపు తరగతి గదిలో చదువుట యనగా చాలవరకు బిగ్గరగా చదువుట. అర్థము తెలియుట యనగా ఉపాధ్యాయుడు చెప్పిన అర్థమును తిరిగి అప్పగించుట. ఇంగ్లీషును మౌనముగా, తగినంత వేగముగా, తనకు తానై చదివి గ్రహించుట ఒక ప్రత్యేక శక్తియనియు, దానిని కొలువవచ్చుననియు, కొలుచుటకు ముందు నేర్పవలెననియు భారతదేశమున ప్రయోగపూర్వకముగా చూపుటకు యత్నించినవారిలో ముఖ్యుడు మైకేల్ ఫిలిప్ వెస్టు.

ఇంగ్లీషు బోధనాచరిత్ర చదివినవారికి ఈ పేరు సుపరిచితము. దేశభాషల పరిశోధకులు మాత్రము ఆయనను తక్కువగా స్మరింతురు. ఆయన ప్రధాన గ్రంథము పేరునకు ఇంగ్లీషు బోధనను గూర్చినదైనను, దాని మూలమున ఉన్న ప్రశ్న దేశభాషను గూర్చినది. ఒక జాతి తనకు కావలసిన విజ్ఞానమును తన భాషలో చదువుకొనలేనపుడు ఆ జాతి బాలుడు పరభాషలో ఎంత నేర్వవలెను? ఏ అంశమును నేర్వవలెను? ఏ తరగతిలో బడి మానినవానికి ఎంత మిగులును? ఈ ప్రశ్నలు తెలుగువారికిని చెందినవే గనుక ఆయన జీవితమును కొంత వివరముగా పరిశీలించుట యుక్తము.

వెస్టు 1888లో ఇంగ్లండులో జన్మించినారు. ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చదివి, 1912లో భారతీయ విద్యాశాఖలో ఉద్యోగియై వంగదేశమునకు వచ్చినారు. అది వంగ విభజన రద్దయిన మరుసటి కాలము. విద్యాశాఖలో పనిచేయు ఆంగ్లేయుడు పాఠశాలల తనిఖీకి పోయినపుడు చూచునది సాధారణముగా రిజిష్టర్లు, హాజరు పట్టీలు, భవనముల కొలతలు. వెస్టు దృష్టి పిల్లవాని చేతిలోని పుస్తకముపై నిలిచినది.

నాటి వంగదేశపు ఉన్నత పాఠశాలలన్నిటికి గమ్యము కలకత్తా విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్ష. చరిత్ర, గణితము మొదలగు విషయములును పై తరగతులలో ఇంగ్లీషులోనే బోధింపబడుచుండెను. బాలుడు చదువవలసిన ఇంగ్లీషు పుస్తకము ఇంగ్లండులోని బాలురకొరకు వ్రాయబడినది, లేదా దాని ననుసరించి ఇచ్చట కూర్చబడినది. ఉపాధ్యాయుడు ఒక పంక్తి చదువును. తరగతి వెంట చదువును. పిదప ఒక్కొక్క మాటకు వంగభాషలో అర్థము చెప్పబడును. ఇంటివద్ద ఆ అర్థములును, సారాంశమును వల్లింపబడును. పరీక్షకు ముందు అచ్చయిన గైడులు చేతికి వచ్చును. ఈ క్రమములో పదేండ్లు గడపినవాడు సయితము ఒక క్రొత్త పుట ఎదుట నిలిచినపుడు నిస్సహాయుడగుచుండెను. చదివినది ఆ పుస్తకమే గాని, చదువుట అను విద్య కాదు. ఈ స్థితి వంగదేశమునకు ప్రత్యేకము కాదు. మద్రాసు రాజధానిలోని మన జిల్లాలలోను ఇట్లే ఉండెను. విశాఖపట్టణమునకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు ప్రత్యక్షపద్ధతిని గూర్చి చేసిన ప్రసంగములు గిడుగు రామమూర్తి పంతులుగారి ఆలోచనలకు తోడ్పడిన సంగతి తెలుగు పాఠకులెరిగినదే. ఆంగ్లబోధనలోని ఒక చిక్కు తెలుగుదేశమున తెలుగు గద్యభాషను గూర్చిన మహావివాదమునకు దారి తీసినది. వంగదేశమున అదే చిక్కు వేరొక త్రోవను తీసినది.

1917లో సర్ మైకేల్ శాడ్లరు అధ్యక్షతన నియమితమైన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘము 1919లో తన నివేదిక నిచ్చినది. ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు, గణితములు తప్ప తక్కినవి మాతృభాషలో బోధింపవలెనని ఆ సంఘము సూచించినది. 1921లో ఢాకా విశ్వవిద్యాలయము వెలసినది. ఆ నగరములో 1909 నుండి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉన్నది. దాని ప్రిన్సిపాలుగా వెస్టు నియమింపబడినారు. విశ్వవిద్యాలయమునకు విద్యాశాస్త్రమున గౌరవ రీడరుగను ఉండినారు. ఆయన జీవితములోని ఫలవంతమైన భాగమిదియే. శిక్షణ పొందు ఉపాధ్యాయులు, ప్రయోగమునకు అనువైన తరగతులు, ముద్రణకు అవకాశము, విశ్వవిద్యాలయపు సావాసము ఇవన్నియు ఒక్కచోట కుదిరినవి.

1923లో లండనులో జరిగిన సామ్రాజ్య విద్యా సమావేశము ద్విభాషా సమస్యపై శాస్త్రీయ పరిశోధన జరుగవలెనని కోరినది. దానికి సమాధానమా యనునట్లు వెస్టు 1926లో ద్విభాషిత్వముపై, ప్రత్యేకముగా వంగదేశము నుద్దేశించి, ఒక పెద్ద గ్రంథమును ప్రకటించినారు. దానిని కలకత్తానుండి ప్రభుత్వమే అచ్చువేసినది. అదే సంవత్సరము పరభాషను చదువ నేర్చుటను గూర్చిన ఆయన చిన్న పుస్తకము వెలువడినది. మొదటిది నిదానము, రెండవది చికిత్స అనవచ్చును.

ఆ నిదానమును సంగ్రహముగా చెప్పవలెనన్న ఇట్లుండును. ద్విభాషిత్వము కొందరు పండితుల విలాసము కాదు. చిన్న భాషలవారికిని, విజ్ఞాన వాఙ్మయము ఇంకను విస్తరింపని భాషలవారికిని అది అనివార్యమైన అవసరము. వంగభాషలో కావ్యము, కథ, గేయము సమృద్ధిగా కలవు. వైద్యము, వ్యవసాయము, యంత్రశాస్త్రము, వాణిజ్యము మొదలగు విషయములపై వంగీయునకు కావలసిన పుస్తకము ఆనాడు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నది. కనుక సామాన్య వంగీయునకు ఇంగ్లీషుతో ఉన్న మొదటి పని మాటలాడుట కాదు, ఉత్తరము వ్రాయుట కాదు, చదివి తెలిసికొనుట. పైగా పరభాషలోని నాలుగు సామర్థ్యములలో చదువుట తక్కువ శ్రమతో అబ్బునది. పలుకుబడి సరిగా లేని ఉపాధ్యాయుడును దానిని నేర్పగలడు. పెద్ద తరగతిలో ఒకేమారు అందరును చదువగలరు, కాని ఒకేమారు అందరును మాటలాడలేరు.

ఇచ్చట వెస్టు బీమా వ్యాపారమునుండి ఒక భావమును అరువు తెచ్చుకొన్నారు. బీమా చేసినవాడు గడువు తీరకముందే వాయిదాలు మానినచో అంతవరకు కట్టినదానికి వచ్చు సొమ్మును సరెండరు విలువ యందురు. బడిలో చేరిన పిల్లలలో అధిక సంఖ్యాకులు నడుమనే మానుకొనుచున్న దేశమున ప్రతి పాఠ్యక్రమమునకును ఈ పరీక్ష పెట్టవలెనని ఆయన వాదము. మూడవ ఏట మానినవానికి ఏమి మిగిలినది? వ్యాకరణ సూత్రములు సగము, ఉచ్చారణ సగము, అనువాదము సగము నేర్చినవానికి మిగులునది సున్న. సరళమైన పుస్తకమును తనంత తాను చదువగల శక్తి వచ్చియున్నచో, అది ఎంత కొద్దిదైనను వానిదే. అది బడి మానిన తరువాతను పెరుగగలదు. మొదటి తరగతిలో చేరిన అందరిని మెట్రిక్యులేషనుకు పోవువారుగా భావించి పాఠములు కూర్చుట, పోలేనివారి కాలమును వ్యర్థము చేయుటయే. విద్యను పై మెట్టునుండి కాక, జారిపోవు మెట్టునుండి చూచిన ఈ దృష్టి నాకు ఆయన సిద్ధాంతములన్నిటిలో మిన్నగా తోచును.

నిదానము తరువాత ఆయన పాఠ్యపుస్తకములను చేతబట్టి మాటలు లెక్కించినారు. అమెరికాలో ఎడ్వర్డు థారన్‌డైకు 1921లో ఉపాధ్యాయుల పదగ్రంథమను పేర 10,000 మాటల పట్టికను ప్రకటించియుండెను. ఏ మాట ఎన్ని చోట్ల, ఎన్నిమారులు వచ్చునో చూచి కూర్చిన పట్టిక అది. దానితో పోల్చి చూడగా వంగదేశపు వాచకములలో రెండు దోషములు కనబడినవి. మొదటిది ఎన్నికలో దోషము: నిత్యవ్యవహారములో దొరలు మాట ఉండగా అరుదైన కావ్యపదమును ముందు నేర్పుట. రెండవది పంపకములో దోషము: క్రొత్తమాటలను ఒకదానిపై నొకటి గుమ్మరించుట. ఒక పుటలో 300 మాటలుండి అందు 30 క్రొత్తవైనచో పదవమాట కొకమారు బాలుడు ఆగవలెను. ఆగి ఆగి నడచునది చదువు కాదు, చిక్కుముడి విప్పుట. అట్టివాడు పంక్తి చివరకు చేరునప్పటికి పంక్తి మొదలు మరచును. వెస్టు క్రొత్తమాటల నడుమ ఎడము పెంచినారు. ఒక క్రొత్తమాట వచ్చిన వెంటనే అది మరల మరల కనబడునట్లును, తరువాతి క్రొత్తమాట రాకముందు తెలిసినమాటలు పలుమారులు నడచునట్లును కథలను తిరిగి వ్రాసినారు. ఈ విధముగా కూర్చబడిన న్యూ మెథడ్ వాచకములు లాంగ్‌మన్స్ గ్రీన్ సంస్థ ద్వారా వెలువడి, వంగదేశమునే గాక ఆసియా ఆఫ్రికాలలోని అనేక దేశముల పాఠశాలలలో ప్రవేశించినవి. ప్రతి వాచకమునకు తోడుగా, అప్పటికి నేర్చిన మాటలతోనే వ్రాసిన ఉపవాచకములుండెను. రాబిన్సన్ క్రూసో కథ వంటివి అందు చేరినవి.

ఈ పని చిన్నదిగా కనబడును. కాని మన పెద్దబాలశిక్షను తిరుగవేసినవారికి దాని విలువ తెలియగలదు. అక్షరములు, గుణింతములు ముగిసిన కొన్ని పుటలలోనే బాలుడు సంవత్సరముల పేర్లు, నక్షత్రములు, శ్లోకములు అన్నిటిలోను పడును. అది జ్ఞాపకమునకు నిధియే, సందేహము లేదు. చదువు పరుగెత్తుటకు మాత్రము అది బాట కాదు. మాతృభాషలో ఆ లోపమును ఇల్లు, వీధి, పురాణశ్రవణము పూరించును. పరభాషలో పూరించువారెవరు?

ఇక గడియారపు సంగతి. వెస్టు ఢాకాలో బాలురకు ఇంగ్లీషులోను వంగభాషలోను మౌనపఠన పరీక్షలు జరిపినారు. చదువు వేగమును, గ్రహించిన పాళ్ళను వేరువేరుగా చూచినారు. ఇట్టి పరీక్షలు అమెరికాలో అంతకు పదేండ్ల ముందే మొదలైనవి. 1917లో థారన్‌డైకు ప్రకటించిన ఒక వ్యాసము ఈ శాస్త్రమునకు పునాదులలో నొకటి. ఒక పేరాను చదివి ప్రశ్నలకు తప్పు సమాధానములిచ్చిన పిల్లల తప్పులను ఆయన పరిశీలింపగా, చాలమంది మాటలకు అర్థము తెలియక తప్పలేదని తేలినది. ఒక మాటకు మితిమీరిన ప్రాధాన్యమిచ్చి, వేరొకదానిని విడిచి, వాని సంబంధమును కూర్చలేక తప్పినారు. చదువుట యనగా ఆలోచించుటయే యని అందలి సిద్ధాంతము. మాతృభాషలోనే ఇట్లున్నచో పరభాషలో చెప్పనేల?

కాలనియమము ఎందుకనగా, కాలము అపారముగా ఇచ్చినచో మాటకు మాట అనువదించుకొని కూడ సమాధానమును చేరవచ్చును. అప్పుడు పరీక్ష కొలుచునది ఓర్పును, నిఘంటుజ్ఞానమును, చదువును కాదు. కాలమును కుదించినచో అనువాదమునకు చోటు లేక, తిన్నగా ఇంగ్లీషులో గ్రహించినవాడే నిలుచును. అయితే మితిమీరి కుదించినచో కొలుచునది తొందరను, భయమును. ఈ రెండింటి నడుమ గడియారమును నిలుపుట పరీక్షకుని వివేకము. వేగము ఒక లక్షణము మాత్రమే గాని గమ్యము కాదు. నెమ్మదిగా చదువువాడు సామాన్యముగా ఎక్కువ గ్రహించునని మనలో ఒక నమ్మకము కలదు. మౌనపఠన పరీక్షలు ఆ నమ్మకమును బలపరుపలేదు. నెమ్మదికి తరచు కారణము లోతు కాదు, తడబాటు.

వెస్టు పద్ధతిలోని తరగతి ఈ విధముగా సాగును. మొదట ఉపాధ్యాయుడు ఆనాటి పాఠములోని కొలది క్రొత్తమాటలను నల్లబల్లపై వ్రాసి పరిచయము చేయును. తరువాత విద్యార్థులు పాఠమునకు ముందే ఇచ్చిన ప్రశ్నలను చూతురు. అటుపిమ్మట తరగతి నిశ్శబ్దమగును. ప్రతివాడును ఆ ప్రశ్నలకు సమాధానములను వెదకుచు తన వేగమున తాను చదువును. ముందుగా ముగించినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండక ఉపవాచకము తీయును. వెనుకబడినవానివద్దకు ఉపాధ్యాయుడు పోవును. ఒక గంటలో ఒకనిచే నాలుగు పంక్తులు చదివించి, తక్కిన నలువదిమంది ఆవులించుచు కూర్చుండు పాత పద్ధతితో దీనిని పోల్చి చూడవలెను. పాత తరగతిలో పిల్లవాడొకడు సంవత్సరమంతయు స్వయముగా చదివిన పుటలను లెక్కించినచో వ్రేళ్ళమీద తేలును.

పాఠమునకు ముందు ప్రశ్న లుంచుట యను ఈ ఉపాయమునకు తరువాత పట్టిన గతిని గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. నేడు పరీక్షాభ్యాసమున విద్యార్థులకు మొదట నేర్పుచున్నది ఇదియే: ముందు ప్రశ్నలు చదువుము, ప్రశ్నలోని మాట గద్యభాగములో ఎచ్చటనున్నదో పట్టుకొనుము, దాని చుట్టునున్న వాక్యమును ఎత్తి వ్రాయుము, ఇన్ని నిమిషములలో ముగింపుము. రూపమున ఇది వెస్టు ఉపాయమే. ప్రయోజనమున దానికి వ్యతిరేకము. ఆయన తరగతిలో ప్రశ్న బాలునికి చదువుటకు ఒక కారణము నిచ్చినది. ఏదో ఒకటి తెలిసికొనగోరి పుట తెరచునట్లు చేసినది. అభ్యాసపుస్తకములలో ప్రశ్న చదువును తప్పించుకొనుటకు దారి చూపుచున్నది. మాటను పోల్చుకొని వాక్యమును ఎత్తి వ్రాసినవాడు ఆ భాగమును చదివినాడా? థారన్‌డైకు చూపిన తప్పులు చేయు పిల్లవాడు సయితము ఇట్టి ప్రశ్నలకు సరియైన సమాధానము వ్రాయగలడు. సాధనము మంచిదైనను పరీక్షావిధానము దానిని తన వైపునకు త్రిప్పుకొనగలదు. నేను విద్యార్థుల సమాధానపత్రములు దిద్దినపుడు ఈ భేదమును పలుమారులు చూచియున్నాను: గద్యభాగములోని వాక్యము తప్పులేకుండ ఎత్తి వ్రాయబడియుండును, దాని క్రిందనే తన మాటలలో వ్రాయవలసిన పంక్తి ఖాళీగా ఉండును.

వెస్టు సిద్ధాంతమునకు ఆక్షేపణలు నాడే వచ్చినవి. తోక్యోలో 1923లో ఆంగ్లబోధనా పరిశోధనసంస్థను స్థాపించిన హారల్డు పామరు భాషకు మూలము వాక్కని నమ్మినవారు; వినికిడి, పలుకు ముందు రావలెననియు, చదువు వాని వెంట రావలెననియు ఆయన మతము. ఈ విభేదము ఇరువురి మైత్రికి అడ్డు రాలేదు. అమెరికాలో మాత్రము 1929లో వెలువడిన కోల్‌మన్ నివేదిక, రెండేండ్ల చదువుతో ముగించు విద్యార్థులకు పరభాషలో చదువుశక్తియే సాధ్యమైన గమ్యమని చెప్పి, వెస్టు వాదమునకు దగ్గరగా నిలిచినది.

వేరొక ఆక్షేపణ మనకు ఎక్కువ ముఖ్యము. విజ్ఞానమునకై ఇంగ్లీషు చదువవలెననుట నాటి స్థితికి సరిపడు మాటయే. కాని ఆ స్థితిని శాశ్వతముగా భావించుట ఎట్లు? వంగీయ సాహిత్య పరిషత్తు చుట్టును చేరిన పండితులు అప్పటికే శాస్త్రపరిభాషను కూర్చుచుండిరి. రామేంద్రసుందర త్రివేది వంగభాషలో విజ్ఞానశాస్త్ర వ్యాసములు వ్రాసియుండెను. రవీంద్రనాథుడు మాతృభాషలో విద్య నేర్పవలెనని యావజ్జీవితము వాదించి, 1937లో విశ్వపరిచయమను విజ్ఞానగ్రంథమును స్వయముగా వ్రాసినారు. తెలుగున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర, ప్రకృతిశాస్త్రములు మొదలగు విషయములపై గ్రంథములు వెలువరించినారు. వెస్టు ఢాకాలో దేశభాషకు లేదని లెక్కించుచున్న వాఙ్మయమును ఇచ్చట కొందరు ఆయన లెక్కకు ఇరువదేండ్ల ముందే కట్టనారంభించినారు. అదే హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసినది. దానికి ముందు సంవత్సరమే అనువాదశాఖ ఏర్పడి పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు పూనుకొన్నది. ఇంగ్లీషు అచ్చట నిర్బంధ భాషగా మాత్రము నిలిచినది. రాజ్యములో ఎక్కువమంది మాతృభాష తెలుగు గాని ఉర్దూ కాదనుట నిజమే. అయినను బాలుని పుస్తకమువద్దకు నడిపించుటకు మారుగా పుస్తకమును బాలునివద్దకు తెచ్చు మార్గము కూడ ఉన్నదని అది చూపినది. వెస్టు ఈ మార్గమును నిరాకరింపలేదు. ఆయన వాదములో దానికి దక్కిన చోటు మాత్రము చిన్నది. సామ్రాజ్యోద్యోగికి ఉండు సహజమైన హద్దు ఇదియని నేను తలచెదను.

1930వ దశకపు తొలి సంవత్సరములలో వెస్టు భారతదేశమును విడిచినారు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయముతో సంబంధము కలిగి అచ్చట పదసంఖ్యను గూర్చిన పరిశోధన కొనసాగించినారు. ఆ కాలముననే కేంబ్రిడ్జికి చెందిన సి. కె. ఆగ్డెను 850 మాటల బేసిక్ ఇంగ్లీషును ప్రచారము చేయుచుండెను. 1934లో వెస్టు సహచరులతో కలసి దానిపై ఒక విమర్శను ప్రకటించినారు. 850 మాటలను పైకి చెప్పినను, వానిని కలిపి కట్టు పదబంధములు, ఒకే మాటకు మోపిన అర్థములు లెక్కలోనికి రాలేదనియు, నేర్చువానికి భారము తగ్గక రూపు మారినదనియు ఆ విమర్శలోని సారము. ఈ వాదము కఠినముగా సాగినది.

1935లో జేమ్స్ ఎండికాటు అను కెనడా మిషనరీతో కలసి ఆయన ప్రచురించిన నిఘంటువు చిన్నదైనను నిఘంటురచనలో మలుపు తెచ్చినది. అందలి సుమారు 24,000 ఆరోపములకు అర్థములన్నియు 1,490 మాటలతోనే వ్రాయబడినవి. అర్థము చెప్పు మాట అర్థము చెప్పబడు మాటకంటె తేలికగా ఉండవలెననుట అందరును ఒప్పుకొను నియమమే. దానిని ఆదినుండి అంతమువరకు నిలుపుట యెంత కష్టమో నిఘంటురచన చేసినవారికి తెలియును. మన పాత నిఘంటువులలో ఒక కఠినపదమునకు అంతకంటె కఠినమైన సంస్కృత పర్యాయము నిచ్చి సరిపెట్టిన సందర్భములు తక్కువ కావు.

కార్నెగీ సంస్థ ఆదరణతో 1934లో న్యూయార్కున, 1935లో లండనున జరిగిన సమావేశములలో వెస్టు, పామరు, ఫాసెటు, థారన్‌డైకు కలసికొన్నారు. పరభాషగా ఇంగ్లీషు నేర్చువానికి ఏ మాటలు ముందు కావలెనను విషయమున వారు 1936లో ఒక మధ్యంతర నివేదిక నిచ్చినారు. యుద్ధము అడ్డుపడినందున దాని సవరించిన రూపము 1953లో వెస్టు సంపాదకత్వమున సామాన్య ప్రయోజన పదపట్టికగా వెలువడినది. సుమారు 2,000 మాటలున్న ఆ పట్టిక విశేషము సంఖ్యలో లేదు. ప్రతి మాటకు ఏ అర్థము నూటికి ఎన్నిమారులు వచ్చునో అందు చూపబడినది. మాట తెలిసినంత మాత్రమున చదువు నడువదు. ఆ చోట ఏ అర్థమో తెలియవలెను. తెలుగున పట్టు, కొట్టు, పెట్టు వంటి క్రియలను పరభాషీయునకు నేర్పబూనినవారు ఈ శ్రమను వెంటనే గుర్తింతురు. ఎన్నికకు పౌనఃపున్యమొక్కటే చాలదని వెస్టు ఎరుగుదురు. నేర్చుటలో సౌలభ్యము, ఆ మాట లేకున్న పని జరుగునా జరుగదా అను అవసరము కూడ ఆయన తూచినారు.

1960లో, డెబ్బది రెండవ యేట, ఆయన దుష్కరపరిస్థితులలో ఇంగ్లీషు బోధించుటను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసినారు. ముప్పదికి మించిన పిల్లలు, కదలని బెంచీలు, ఒకే తరగతిలో వేరువేరు స్థాయిలవారు, ఇంగ్లీషు తడబడుచు మాటలాడు ఉపాధ్యాయుడు, వేడి దేశము. ఇది ఆయన ఎన్నడో చూచిన వంగదేశపు తరగతియే. శిక్షణ కళాశాలలలో నేర్పు పద్ధతులన్నియు ఇరువదిమంది పిల్లలను, చక్కని గదిని ఊహించుకొని చేసినవని ఆయనకు తెలియును. ఆ పుస్తకములోని ఒక ఉపాయము నేటికిని వాడుకలో ఉన్నది: విద్యార్థి ఒక పదబంధమును కంటితో చదివి, తలయెత్తి, ఎదుటివాని ముఖమును చూచుచు చెప్పవలెను. అక్షరమునుండి నోటికి తిన్నగా పోవు చదువు నడుమ మనస్సునకు చోటు లేదు. తలయెత్తినపుడు ఆ పదబంధమును క్షణకాలమైనను మనస్సున నిలుపక తప్పదు. హైదరాబాదున 1958లో స్థాపితమైన కేంద్ర ఇంగ్లీషు సంస్థ మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించిన కాలముననే ఈ పుస్తకము వచ్చినది. ఆ సంస్థ 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైనది.

తరువాతి విమర్శకులు వెస్టును రెండు విధముల చూచినారు. 1990వ దశకమున భాషా సామ్రాజ్యవాదమును గూర్చి వ్రాసిన ఫిలిప్సను వంటివారి దృష్టిలో ఆంగ్లబోధనా వృత్తి యంతయు సామ్రాజ్యపు నీడలో పెరిగినది. వెస్టు తరమువారు ఆ లెక్కకు లోబడనివారు కారు. పదగణన శాస్త్రజ్ఞులకు మాత్రము ఆయన మూలపురుషుడు. 1978లో వెలువడిన లాంగ్‌మన్ సమకాలీన ఆంగ్ల నిఘంటువు సుమారు 2,000 మాటల నిర్వచన పదసముదాయమును వాడుటకు ఆయన పట్టికయే ఆధారము. ఆయన పేరు వినని విద్యార్థి ఆ నిఘంటువు తెరచినపుడెల్ల ఆయన లెక్కను వాడుచున్నాడు.

మైకేల్ వెస్టు 1973లో మరణించినారు. ఆయన ఇరువదేండ్లు విద్యాశాఖలో పనిచేసిన వంగదేశము అప్పటికి రెండుగా చీలియుండెను. ఆయన ప్రయోగములు జరిగిన ఢాకా నగరమున 1952 ఫిబ్రవరి 21న వంగభాషకు రాజభాషాగౌరవము కోరిన విద్యార్థులు విశ్వవిద్యాలయ పరిసరములలో కాల్పులకు బలియైనారు. 1971లో బంగ్లాదేశము స్వతంత్రమైనది. 1972 డిసెంబరు 16న అమలులోనికి వచ్చిన దాని రాజ్యాంగము వంగభాషను రాజభాషగా ప్రకటించినది.